డబ్బాల వెనక దాచిన రిపోర్టు

తెలకపల్లిలో రోడ్డు పక్కన నాకొక మోటారు వైండింగ్ షాపు ఉంది. బోర్లలో కాలిపోయిన మోటార్లు విప్పి, మాడిన తీగ తీసేసి, కొత్త రాగితీగ చుట్టి ఇస్తాను. ఇరవై ఆరేళ్లుగా అదే పని. ఎండాకాలం వస్తే బోర్లలో నీళ్లు కిందికి పోతాయి, మోటార్లు కాలిపోతాయి, నా షాపు ముందు ట్రాక్టర్లు వచ్చి ఆగుతాయి. తీగ చుట్టేటప్పుడు చూపు కన్నా వేళ్లే ఎక్కువ పని చేస్తాయి. బిగువు కాస్త తగ్గినా, ఒక చుట్టు తప్పినా, ఆ మోటారు నెల తిరక్కుండా మళ్లీ నా దగ్గరికే వస్తుంది.

నా జబ్బు సంగతి నాకు అనుకోకుండా తెలిసింది. ఒక వానాకాలం బండి మీద నుంచి జారి పడ్డాను. తల రోడ్డుకు తగిలింది కాబట్టి నాగర్‌కర్నూల్‌లో స్కాన్ తీశారు. దెబ్బ వల్ల ఏమీ కాలేదు గాని ఇంకేదో అనుమానంగా ఉంది, హైదరాబాద్ వెళ్లి మందు ఎక్కించి తీసే స్కాన్ చేయించుకోమని రాసిచ్చారు. సామాను కోసం నెలకొకసారి హైదరాబాద్ పోయేవాణ్ని కనుక ఇంట్లో ఏమీ చెప్పకుండానే వెళ్లాను.

అక్కడి డాక్టరు తెర మీద చూపించాడు. మెదడులో ఒక రక్తనాళం గోడ ఒకచోట పలచబడి, చిన్న బుడగలా ఉబ్బి ఉంది. జొన్నగింజంత.

"ఇది పగల్లేదు, చిన్నది కూడా. ఇలాంటివి ఉన్నా తెలియకుండానే బతికేవాళ్లు చాలామంది ఉంటారు. బీపీ పెరగనివ్వొద్దు. బీడీ మానేయాలి. ఏడాదికొకసారి వచ్చి చూపించుకోవాలి," అన్నాడు.

ఆయన చెప్పిన ధైర్యపు మాటలు నా చెవికి ఎక్కలేదు. పగలడం అన్న మాట ఒక్కటే ఎక్కింది. ఎందుకంటే మా నాన్న అట్లాగే పోయాడు. వనపర్తి దగ్గర మా సొంత ఊళ్లో, నాకు పదిహేడేళ్లప్పుడు, వేరుశనగ పీకుతూ పీకుతూ తల పట్టుకుని చేనులో కూర్చుండిపోయాడు. పొద్దు గూకకముందే ప్రాణం పోయింది. స్కానులు, పరీక్షలు ఏమీ లేవు. నెత్తిలో నరం చిట్లిందని ఊళ్లో అందరూ అన్నారు. ఆ కథ మా అమ్మ నా భార్యకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. పెళ్లయిన కొత్తలో నాకు మామూలు తలనొప్పి వచ్చినా ఆమె ముఖం పాలిపోయేది. ఇప్పుడీ ఉబ్బు సంగతి చెప్తే ఆమెకు ఇక నిద్ర ఉండదనుకున్నాను. రిపోర్టును షాపులో పై అరలో, వార్నిష్ డబ్బాల వెనక పెట్టేశాను. ఇంటికి వెళ్లి, బీపీ ఉందట, గోళీలు రాసిచ్చారు అని మాత్రం చెప్పాను.

దాచడం సులువే, దానితో బతకడమే కష్టం. బీడీలు మానేశాను, దగ్గు వస్తోందని చెప్పి. బరువులెత్తడం మానేశాను, నడుము నొప్పని చెప్పి. తుమ్ము వస్తే కూడా లోపల భయం. సగం విప్పిన మోటారు ముందు కూర్చుని, ఇప్పుడు గనక పగిలితే నన్ను ఎవరు చూస్తారు అని ఆలోచించేవాణ్ని. అంత భయపడినవాణ్ని ఏడాదికి చూపించుకోవడానికి వెళ్లొద్దా? వెళ్లలేదు. పెరిగిందని చెప్తారేమోనని వెళ్లలేదు. పని ఎక్కువున్న రోజుల్లో బీపీ గోళీ కూడా మరిచిపోయేవాణ్ని.

ఇట్లా రెండేళ్లు గడిచాయి.

ఆ రోజు ఎండాకాలం పొద్దున. ఒక ముసలి రైతు తన మోటారు కోసం వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. చేనుకు కరెంటు ఎప్పుడిస్తారో కనుక్కుందామని కొడుకుతో ఫోన్ మాట్లాడి పెట్టేశాడు. నేను తీగ చుడుతున్నాను. తీగ చేతిలోంచి జారింది. వంగి అందుకోబోయాను. చెయ్యి కదిలింది గాని వేళ్లు ముడుచుకోలేదు. ఆ వేళ్లు నావి కావన్నట్టు ఉంది. ముసలాయన నా వైపు చూశాడు.

"ఏంది బిడ్డా, నోరు పక్కకు పోతుంది?"

ఏం లేదు పెద్దయ్యా అందామనుకున్నాను. మాట రాలేదు. నాలుక మందంగా పడి ఏదో శబ్దం మాత్రం వచ్చింది. కుడికాలు కూడా పట్టు తప్పింది. ఆయన లేచి నన్ను పట్టుకుని కింద పడుకోబెట్టి, పక్క కిరాణం షాపాయనను కేకేశాడు. ఇల్లు దగ్గరే, కబురందగానే నా భార్య పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమె తమ్ముడు కారు నడుపుతాడు. ఆ రోజు మా అదృష్టం కొద్దీ కారుతో ఇంటి దగ్గరే ఉన్నాడు.

పదిమంది మూగారు. ఇది పక్షవాతమే అన్నారు. ఎవరో ఒకాయన, ఇటిక్యాల దిక్కు ఒక ఊర్లో పసరు పోస్తారు, మూడు పూటల్లో లేస్తాడు, అక్కడికి తీసుకుపొమ్మన్నాడు. మా బావమరిది కూడా ఒక్క క్షణం ఆగి అక్కవైపు చూశాడు.

"పసరు లేదు, ఏం లేదు. నాగర్‌కర్నూల్ దవాఖానకు నడువు," అంది నా భార్య. ఆమె గొంతు అట్లా ఉండడం నేను అంతకుముందు వినలేదు.

కారులో ఆమె ఒడిలో తల పెట్టుకుని పడుకున్నాను. నాన్నకు పగిలినట్టే నాకూ పగిలిందనుకున్నాను. విచిత్రంగా తలనొప్పి మాత్రం లేదు. ముసలి రైతు కూడా ముందు సీట్లో కూర్చుని మాతో వచ్చాడు. రమ్మని ఎవరూ అడగలేదు.

ఆయన రావడం ఎంత మంచిదైందో దవాఖానకు పోయాక తెలిసింది. అక్కడి డ్యూటీ డాక్టరు చిన్న వయసు అమ్మాయి. నన్ను చూడగానే మొదట అడిగింది ఒకటే ప్రశ్న.

"ఎప్పటిదాకా బాగున్నాడు? సరిగ్గా టైం చెప్పాలి."

నా భార్యకు తెలియదు. ముసలాయన జేబులోంచి ఫోన్ తీసి డాక్టరు చేతిలో పెట్టాడు. "నా కొడుకుతోని మాట్లాడి పెట్టేసిన. అప్పటిదాక మంచిగున్నడు. వెంటనే గిట్లయింది. టైం అండ్లనే ఉంటది, చూడమ్మా."

తొమ్మిదీ పన్నెండు. మేం దవాఖానకు వచ్చేసరికి పది కావస్తోంది.

నన్ను వెంటనే స్కానుకు తీసుకెళ్లారు. బయటికి తెచ్చాక డాక్టరమ్మ మావాళ్లకు చెప్పడం నేను పడుకుని వింటున్నాను. నాకు మాట రాలేదు గాని అన్నీ అర్థమవుతున్నాయి.

"మెదడులో రక్తం కారలేదు. ఒక రక్తనాళంలో రక్తం గడ్డకట్టి అడ్డం పడింది. దానివల్ల ఆ భాగానికి రక్తం అందడం లేదు. ఆ గడ్డను కరిగించే మందు ఉంది. మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి, ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది. కానీ ఆ మందుతో రక్తం కారే ప్రమాదం కొంత ఉంటుంది. అందుకే అడుగుతున్నా. ఈ మధ్య ఆపరేషన్ ఏమైనా అయిందా? కడుపులో పుండు, రక్తం పడడం లాంటివి ఉన్నాయా? తలలో ఇంతకుముందు ఏదైనా సమస్య ఉందా?"

"ఏం లేదు మేడం, బీపీ ఒక్కటే," అన్నాడు మా బావమరిది.

పగలలేదన్న సంతోషం నాకు ఒక్క నిమిషం కూడా నిలవలేదు. నా తలలో ఉబ్బు ఉందని ఇక్కడ ఎవరికీ తెలియదు. రక్తాన్ని పలచన చేసే మందు ఎక్కిస్తే ఆ ఉబ్బు ఏమవుతుంది? చెప్పాలి. నోరు తెరిచాను. "బు... బు..." అని తప్ప రాలేదు. ఎడమచేత్తో తల మీద కొట్టుకున్నాను. తల నొప్పి పెడుతోందా అని డాక్టరమ్మ అడిగింది. కాదని తల అడ్డంగా ఊపాను. మళ్లీ తలను చూపించాను. రిపోర్టు షాపులో డబ్బాల వెనక ఉందని ఎడమచేత్తో ఎట్లా చెప్తాం? నా కంట్లో నీళ్లు తిరిగాయి. రెండేళ్లు నోరుండీ చెప్పలేదు. ఇప్పుడు చెప్దామంటే నోరు లేదు.

నా భార్య నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది. డాక్టరమ్మ వైపు తిరిగింది.

"మేడం, ఈయన తలకాయల నరం ఉబ్బి ఉన్నది. రెండేండ్ల కింద హైదరాబాద్ల స్కాన్ తీస్తే దొరికింది. రిపోర్టు నా ఫోన్ల ఉన్నది."

ఫోన్‌లో ఫోటోలు తీసి చూపించింది. ఒక్కో కాగితం వేరువేరుగా, మూలలు కూడా పోకుండా తీసి ఉంది. మా బావమరిది నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నేను అంతకన్నా ఎక్కువ చూస్తున్నాను. ఆమె నా వైపు చూడలేదు.

డాక్టరమ్మ ఫోటోలన్నీ తన ఫోన్‌కు పంపించుకుంది. హైదరాబాద్‌లో ఉన్న మెదడు డాక్టరుకు వాటిని పంపి, పక్కకు వెళ్లి మాట్లాడింది. ఆలోపు నర్సు నా బీపీ దించడానికి సూది వేసింది. మా బావమరిది అక్క దగ్గరికి వచ్చాడు.

"అక్కా, గడ్డ కరిగించే మందు అంటుండ్రు. ఉబ్బు ఉన్నోనికి గా మందు ఇస్తే, అది పగిలితే ఎట్ల? మనం హైదరాబాద్ తీస్కపోదాం."

"పోయేదాంక టైం ఉంటదా? ఆమె ఏం చెప్తదో జర విననీయ్."

డాక్టరమ్మ వచ్చింది. "రిపోర్టు రెండేళ్ల కిందటిది. ఇప్పుడు ఆ ఉబ్బు ఎంత ఉందో చూడాలి. రక్తనాళాలు కనపడేందుకు వేరే మందు ఎక్కించి ఇంకొక స్కాన్ తీస్తాం, పది నిమిషాలు," అంది. మళ్లీ ఆ గదిలోకి తీసుకెళ్లారు. ఏడాదికొకసారి చేయించుకోవలసిన పరీక్ష, భయపడి తప్పించుకున్న పరీక్ష, చివరికి ఇట్లా జరిగింది. ఒళ్లంతా వేడిగా మందు పాకుతుంటే, పెరిగి ఉండొద్దు, పెరిగి ఉండొద్దు అని మనసులో అనుకుంటూ పడుకున్నాను.

పెరగలేదు. జొన్నగింజంతే ఉంది.

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని నా మంచం పక్కనే కూర్చుంది. మావాళ్లంతా చుట్టూ నిలబడ్డారు.

"హైదరాబాద్ పెద్దసారు స్కాన్ చూశారు. ఉబ్బు చిన్నగా ఉండి, పగలకుండా ఉంటే, దానివల్ల ఈ మందు ఆపాల్సిన పని లేదన్నారు. అది చాలా పెద్దగా ఉన్నా, ఇంతకుముందు పగిలి ఉన్నా మాట వేరు. ప్రమాదమే లేదని నేను చెప్పను. ఉబ్బు లేనివాళ్లకు కూడా ఈ మందుతో కొందరికి మెదడులో రక్తం కారుతుంది. ఇవ్వకపోతే చెయ్యి, మాట ఇట్లాగే ఉండిపోవచ్చు. నేనైతే ఇవ్వడమే మంచిదంటాను. మీరు ఒప్పుకుని సంతకం పెట్టాలి."

నా భార్య కాగితం చేతిలోకి తీసుకుంది గాని సంతకం పెట్టలేదు.

"నేను పెడ్త మేడం. గని ముందు ఆయనను అడుగుండ్రి. తల ఆయనది. ఆయనకు అన్నీ సమజైతున్నయి."

అప్పుడు డాక్టరమ్మ నా ముఖంలోకి చూసి అదంతా మళ్లీ నిదానంగా చెప్పింది. అర్థమైతే ఎడమచెయ్యి ఎత్తమంది. ఎత్తాను. మందు ఇవ్వమంటే మళ్లీ ఎత్తమంది. నేను నా భార్య వైపు చూశాను. ఆమె కళ్లలో భయం ఉంది, కానీ ఆ భయం కొత్తది కాదు, ఎన్నాళ్లనుంచో అలవాటైనదిలా ఉంది. రెండేళ్లుగా నేను ఒక్కణ్నే మోస్తున్నాననుకున్న బరువులో సగం ఆమె దగ్గర ఉందని అప్పుడర్థమైంది. చెయ్యి ఎత్తాను.

గడియారంలో పదకొండుకు పది నిమిషాలు తక్కువ. మొదట సూదిలో కొంత మందు ఇచ్చి, మిగిలింది గంటసేపు నెమ్మదిగా ఎక్కేలా పెట్టారు. పావుగంటకొకసారి బీపీ చూస్తున్నారు, కాళ్లూ చేతులూ ఎత్తమంటున్నారు. తల నొప్పి పెట్టినా, వాంతి వచ్చేలా ఉన్నా వెంటనే చెయ్యి ఊపమని నర్సు గట్టిగా చెప్పింది.

సగం మందు ఎక్కాక మెడ వెనక మొదలై తలలోకి ఒక నొప్పి పాకింది. పెద్దది కాదు. ఊరికే పడుకుని ఉన్నందుకేమో అనుకున్నాను. ఎప్పటిలాగే, చెప్తే అందరూ కంగారుపడతారు, కాసేపు చూద్దాం అనిపించింది. అట్లా అనుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది. చెయ్యి ఊపాను.

నర్సు వెంటనే మందు ఆపేసింది. డాక్టరమ్మ పరుగున వచ్చింది. కళ్లలో లైటు వేసి చూసింది. మళ్లీ స్కానుకు తోసుకెళ్లారు. గోడకు ఆనుకుని నిలబడిన నా భార్య పెదవులు కదులుతున్నాయి. స్కానులో రక్తం లేదు. మందు మళ్లీ మొదలుపెట్టారు.

"మంచి పని చేశారు. ఏ చిన్నదైనా ఇట్లాగే చెప్పాలి," అంది డాక్టరమ్మ. బడిలో మెచ్చుకున్నట్టు అనిపించింది నాకు, ఆ వయసులో, ఆ స్థితిలో.

మందు అయిపోయిన కాసేపటికి కుడిచేతి బొటనవేలు కదిలింది. మొదట చూసింది ముసలి రైతు. ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. "ఏలు ఆడుతుంది, సూడు బిడ్డా," అని నా భార్యను పిలిచాడు. ఆమె వచ్చి ఆ వేలును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. పొద్దు వాలే సమయానికి మోచెయ్యి వంచగలిగాను. మర్నాడు స్కానులో అంతా బాగుందన్నారు. మాట ముద్దముద్దగా వచ్చింది. ఆ మాటతోనే మూడో రోజు నా భార్యను అడిగాను.

"నీకెప్పటి సంది ఎర్క?"

"మొన్నటి దసరాకు ముందటి దసరా. ఆయుధపూజకు షాపు సాఫ్ చేస్తుంటే దొరికింది. ఫోటో తీస్కొని మన సర్కారు దవాఖాన నర్సమ్మకు చూపెట్టిన. చిన్నదే, బీపీ పెరగనియ్యకు, ఉప్పు తగ్గియ్యి అన్నది."

"అందుకేనా కూరలు చప్పగుండేది?"

"నువ్వు తిట్టుకుంట తింటుంటివి గద."

అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకు వచ్చాయి. బియ్యం బస్తా దించాలంటే ఆమె నన్ను అడగకుండా తమ్ముణ్ని పిలిచేది. నాతో గొడవ మొదలైతే మధ్యలో ఆపి పెరట్లోకి పోయేది. నేను ఆమె మారిందనుకున్నాను.

"మరి నన్నెందుకు అడగలే?"

ఆమె దుప్పటి అంచు సరిచేసింది. "నువ్వు ఎంత భయపడుతున్నవో నాకు కనవడుతుండె. నాకు గుడ తెలుసంటే ఇంకింత పరేషాన్ అయితవనుకున్న. గట్ల అనుకునుడు తప్పే. ఇద్దరం తప్పు చేసినం."

నేను ఏడ్చాను. పక్షవాతం వచ్చినవాళ్లకు ఏడుపు తొందరగా వస్తుందని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. అది నిజమే కావచ్చు గాని, ఆ ఏడుపు దానిది కాదు.

నెల తర్వాత ఇద్దరం కలిసి హైదరాబాద్ వెళ్లాం. ఉబ్బును చూస్తూ ఉంటే చాలు, పెరిగేలా ఉంటే తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి తీగ పంపి, ఉబ్బు లోపల కాయిల్ చుట్టి నింపేస్తామని అక్కడి డాక్టరు చెప్పాడు. నా భార్య నవ్వు ఆపుకోలేకపోయింది. "ఈయన పనే అది సార్," అంది. ఆ తీగ ఎంత మందం ఉంటుందని నేను అడిగాను. ఆయన ఓపికగా చెప్పాడు. అంత సన్నటి తీగ నేను ఎప్పుడూ ముట్టుకోలేదు.

చెయ్యి పూర్తిగా మునుపటిలా రాలేదు. చూపుడువేలిలో ఇంకా మొద్దుబారినట్టు ఉంటుంది. మూడు నెలలు మైనపు ముద్ద పిసికాను, పిల్లలాడే గోళీలు గిన్నెలోంచి గిన్నెలోకి ఏరాను, కాపీ పుస్తకంలో అ ఆలు దిద్దాను. తర్వాత చుట్టిన మొదటి మోటారుకు నాలుగు రోజులు పట్టింది. ఇప్పుడు రోజున్నర పడుతోంది. చుట్టినవన్నీ తిరుగుతున్నాయి, ఒక్కటీ కాలిపోయి వెనక్కి రాలేదు. బీపీ గోళీలు ఒక్క పూట కూడా తప్పడం లేదు.

హైదరాబాద్ డాక్టరు ఇంకొక మాట కూడా చెప్పాడు. నాన్నకు జరిగింది కూడా ఇదే అయితే, ఇది కుటుంబంలో వచ్చేది కావచ్చు, తోబుట్టువులు కూడా ఒకసారి స్కాన్ తీయించుకుంటే మంచిది అని. నాకున్నది ఒక్క అక్క. ఇటిక్యాల మండలంలో ఇచ్చారు, మిరప తోట వేస్తుంది. ఫోన్‌లో చెప్తే ఊఁ కొట్టి మరిచిపోతుందని మేమిద్దరం బస్సెక్కి వెళ్లాం.

అక్క తోటలో ఉంది. గట్టు మీద కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఏదీ దాచలేదు. నాన్న సంగతి కూడా.

"తెల్వకుంటనే మంచిది తమ్మి," అంది అక్క. "తెలిస్తే ఏం చేస్తం? రోజూ దాన్నే తలుసుకుంట కూసోవాలె."

"నేను గట్లనే అనుకున్న అక్కా. దాన్ని దాచి రెండేండ్లు రోజూ తలుసుకుంటనే ఉన్న. ఇప్పుడు అందరికీ తెలుసు. వారానికొకసారి గుడ యాదికి వస్తలేదు."

అక్క నా కుడిచెయ్యి తీసుకుని తిప్పి చూసింది. వేళ్లు ఒక్కొక్కటి ముడిచి చూపించమంది. చూపించాను. చివరికి, "మిరపకాయ ఏరుడు అయిపోనీ," అంది. నా భార్య ఒప్పుకోలేదు. మర్నాడు పొద్దున్నే ముగ్గురం గద్వాల వెళ్లాం.

స్కాన్ గది ముందు అక్క మెడలో పుస్తెలతాడు, చెవుల కమ్మలు తీసి నా భార్య చేతిలో పెట్టి లోపలికి వెళ్లింది. ఆ మిషన్ చప్పుడు బయటికి వినిపిస్తుంటే నాకు చెమటలు ఆగలేదు. నా భార్య దగ్గర ఆ సంగతి దాచలేదు. "భయమైతుంది," అన్నాను. "నాకు గుడ," అంది ఆమె, కమ్మలు చీర కొంగున ముడి వేసుకుంటూ.

గంట తర్వాత డాక్టరు రిపోర్టు చదివి, అక్క రక్తనాళాలన్నీ శుభ్రంగా ఉన్నాయన్నాడు. ఎక్కడా ఉబ్బు లేదు. బీపీ కొంచెం ఉంది, దానికి గోళీ రాసిచ్చాడు. అక్క ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో పెట్టుకుంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు బాగుంటాయి, నడవండి అంది.

"ఉప్పు తక్కువేయమని చెప్పాలె," అంది నా భార్య.

"మీ ఇద్దరికే చెప్పు. నాకు ఈ ఒక్కపూట మామూలుగనే తిననీయ్," అంది అక్క, మా ముందు గబగబా మెట్లు దిగుతూ.